ఏ చుక్కా పడని పేజీ

నవ్వనని మాటిస్తేనే చెబుతాను. మీరు ఇవ్వరని తెలుసు. అయినా చెబుతాను. నేను చెప్పకపోతే మా వదిన తన పద్ధతిలో చెబుతుంది. ఆ పద్ధతిలో నా పరువు చిల్లరగా కూడా మిగలదు.

మా ఆవిడను ఒక పుస్తకం ఎత్తుకుపోయింది. మనిషి ఇంట్లోనే ఉంది. కిటికీ పక్క కుర్చీలోనే ఉంది. టీ గ్లాసు పెట్టింది, తాగాక తీసుకెళ్లింది. అయినా సరే, ఎత్తుకుపోయింది.

నాది తాళాల కొట్టు. తాళాలు, గడియలు, గొళ్లేలు, తలుపు బందులు. వీధిలో నన్ను కప్పతాళం గారంటారు. నోరు మూస్తే తెరవనని కాదు, తెరిస్తే మూయనని. గిట్టనివాళ్ల మాటలెండి అవి. మా ఆవిడ మాట కూడా అదే.

లెక్క చెబుతాను. మాకు పెళ్లయి ముప్ఫై ఒక్క ఏళ్లు. రోజూ ఎనిమిదింటికి నేను కొట్టు మూసి ఇల్లు చేరడం, ఆవిడ టీ గ్లాసు నా ముందు పెట్టి "ఇవాళ ఎవరొచ్చారు?" అనడం, నేనొక గంట చెప్పడం. రోజుకు గంట చొప్పున పదకొండు వేల గంటల పైమాటే. ఏ వ్యాపారిని అడిగినా చెబుతాడు, అంత పాత ఖాతాదారు పక్క కొట్టుకు వెళ్లిపోతే ఎలా ఉంటుందో.

ఆవిడ తపాలా కార్యాలయంలో ఉత్తరాలు ఊళ్లవారీగా వేరుచేసే ఉద్యోగం చేసేది. ఈ మధ్యే పదవీ విరమణ చేసింది. ఇక ఆ గంట రెండు గంటలవుతుందని ఆశపడ్డాను. సున్నా అయింది.

ఎందుకంటే మా వదిన, అంటే మా ఆవిడ అక్కగారు, చర్చి హాల్లో ఆడవాళ్ల చదువరి మండలి నడుపుతుంది. వదిన ఒకప్పుడు ప్రధానోపాధ్యాయిని. ఇప్పటికీ ఎవరింటికి భోజనానికి వెళ్లినా ముందు హాజరు వేస్తుంది. అందుకే నాకు ఆవిడ హాజరుపట్టీ వదిన. మా ఆవిడ విశ్రాంతిగా ఉందని తెలిసి, రెండు భాగాల లావుపాటి నవల ఒకటి తెచ్చి చేతిలో పెట్టింది. తొలి క్రైస్తవుల కాలంలో జరిగిన కథట.

మొదటి వారం నేను పట్టించుకోలేదు. రెండో వారం కాస్త దగ్గాను. మూడో వారం అడిగేశాను.

"ఏం చదువుతున్నావ్?"

"నవల."

"దేని గురించి?"

"ఎవరో ఒక గ్రంథం దాచారండీ. దానికోసం చక్రవర్తి మనుషులు వెతుకుతున్నారు."

"ఎవరు దాచారు?"

"అది తెలిస్తే చదవడమెందుకు?"

"సరేలే. ఇవాళ కొట్టుకి ఎవరొచ్చారో తెలుసా?"

"ఊఁ."

"ఊఁ అంటే తెలుసనా, తెలియదనా?"

"ఊఁ."

ఆ రోజు కొట్టుకి ఒకాయన బయట తాళం వేసుకుని, తాళంచెవి లోపల మరిచిపోయి, తన ఇంటికి తనే దొంగలా ఎక్కి కుక్క చేత కరిపించుకుని వచ్చాడు. బంగారంలాంటి కబురు. పళ్లెంలో పెట్టి తెచ్చాను. తీసుకునేవాళ్లు లేరు. ఆ కబురు నాలోనే చల్లారిపోయింది.

ఆ రాత్రి అన్నం తింటూ పథకం వేశాను. నా అనుభవంలో కొనుగోలుదారుకు ఒక్కసారి సరుకు నకిలీ అని తేలితే చాలు, మళ్లీ దాని ముఖం చూడడు. ఈ నవలలో ఉన్నది చరిత్ర కాదు, కట్టుకథ అని సాక్ష్యాలతో తేల్చేస్తాను. ఆవిడ పుస్తకం మూసేస్తుంది. టీ గ్లాసు పెట్టి "ఇవాళ ఎవరొచ్చారు?" అంటుంది. నాకు కావలసింది ఆ రెండు మాటలే. పెద్ద ఆశేం కాదు.

"ఆ మొదటి భాగం నాకోసారి ఇవ్వు," అన్నాను.

"మీరు చదువుతారా?" ఆవిడ కళ్లద్దాలు పైకి తోసి నన్ను చూసింది. మూడు వారాల్లో నా ముఖం చూడటం అదే మొదలు. "తీసుకోండి. నేను చదివేశాను."

"మరి రెండోది?"

"నేను చదువుతున్నా. తర్వాత వరస వేరేవాళ్లది. మీదాకా రావాలంటే చాలా రోజులు పడుతుంది."

అడగ్గానే చేతికొచ్చిన సరుకును అనుమానించాలని మా నాన్న నేర్పాడు. నేను అనుమానించలేదు.

మా కొట్టులో ఒక పద్ధతి ఉంది. ప్రతి తాళాన్నీ మూడుసార్లు తిప్పి చూస్తాం. మూడుసార్లూ సాఫీగా పడితే పచ్చచుక్క స్టిక్కర్. పట్టేస్తే ఎర్రచుక్క. ఎర్రచుక్క పడిన సరుకు తిరిగి ఫ్యాక్టరీకి పోతుంది. నవలకూ అదే పద్ధతి పెట్టాను. చరిత్ర అనిపించిన ప్రతి మాటనూ మూడు చోట్ల తిప్పి చూడటం. ఒకటి మా ఫాదర్ గారి దగ్గర, రెండు గ్రంథాలయంలో, మూడు నా బుర్రలో. మూడోది దగ్గరగా ఉంది గనుక దానితో మొదలుపెట్టాను.

ఇరవయ్యో పేజీలోనే దొరికింది దొంగ సరుకు. నాలుగో శతాబ్దంలో ఒక ఇల్లాలు వేలికున్న ఉంగరం తిప్పి పెట్టె తాళం తీసిందట. ఉంగరానికే తాళంచెవి పోతపోసి ఉందట! పగలబడి నవ్వాను. టపీమని ఎర్రచుక్క అంటించాను.

"ఇదిగో, చూడు. తాళాల గురించి నాకు చెబుతున్నాడు మీ రచయిత. వేలికి తాళంచెవి వేసుకుని గిన్నెలు ఎలా తోముతారు?"

"అప్పట్లో మీ కొట్టు ఉందా?" అంది ఆవిడ.

"లేకపోతే?"

"లేకపోతే మీకెలా తెలుసు?"

పందెం కట్టినంత పట్టుదలతో ఫాదర్ గారి దగ్గరకు వెళ్లాను. ఆయన చరిత్ర చదువుకున్న మనిషి. ఏ మాట చెప్పినా దానికింద ఒక వివరణ, ఆ వివరణకింద ఇంకో వివరణ చెబుతారు. ఆశీర్వాదం కూడా ఆయన నోట రెండు పేరాలుంటుంది. చాటుగా అందరూ ఫుట్‌నోట్ ఫాదర్ అంటారు.

ఆయన దిండంత పుస్తకం తీసి బొమ్మ చూపించారు. పచ్చబడిన కంచు ఉంగరం. దాని మీద పళ్లున్న తాళంచెవి.

"రోమన్లవి. తవ్వకాల్లో చాలా దొరికాయి. మ్యూజియాల్లో ఉన్నాయి," అన్నారు. "అన్నీ ఆడవాళ్లవేనా అంటే, దాని మీద భిన్నాభిప్రాయాలున్నాయి. ఆ భిన్నాభిప్రాయాలు ఎప్పుడు మొదలయ్యాయంటే..."

నేను లేచి వచ్చేశాను. ముప్ఫై ఏళ్లుగా తాళాలమ్ముతూ, తాళాల విషయంలోనే ఓడిపోయాను. ఇంటికొచ్చి గుట్టుగా ఎర్రచుక్క పీకుతుంటే దానితోపాటు మూడు అక్షరాలు ఊడొచ్చాయి. దాని మీద పచ్చచుక్క అంటించాను.

"ఏమైంది, పెట్టె తెరుచుకుందా?" అంది ఆవిడ, పేజీ తిప్పుతూ.

నూట నలభయ్యో పేజీలో నైసియా అనే ఊళ్లో పెద్ద సభ. చక్రవర్తి బిషప్పులందర్నీ పిలిచి, బల్ల మీద గ్రంథాలన్నీ పెట్టించి, ఓటు వేయించి, పరిశుద్ధ గ్రంథంలో ఏవి ఉండాలో, ఏవి తగలబెట్టాలో ఒక్కరోజులో తేల్చేశాడట. ఇది మాత్రం నాకు నిఖార్సుగా కనిపించింది. మా వర్తక సంఘం అచ్చంగా అలాగే నడుస్తుంది. ఎవరి సరుకు ముందు వరసలో ఉండాలో చేతులెత్తించే తేలుస్తారు. పచ్చచుక్క.

ఈసారి ఫాదర్ గారు నవ్వారు. "నవలల్లో అందరూ దీన్నే నమ్ముతారండీ. ఆ సభ జరిగింది. చక్రవర్తి పిలిచిన మాటా నిజమే. కానీ వాళ్లు వాదించుకున్నది కుమారుడైన క్రీస్తు తండ్రియైన దేవుడితో సమానుడా కాదా అని. పునరుత్థాన పండుగ తేదీ గురించి కూడా. గ్రంథాల జాబితా మీద ఓటు జరిగినట్టు ఆధారం లేదు. అది చాలా కాలం మీద, చాలా ఊళ్లలో, నెమ్మదిగా కుదురుకున్న సంగతి. ఎంత నెమ్మదిగానంటే..."

అంటే లెక్క తేలిందేమిటి? నేను నకిలీ అన్నది అసలు. అసలన్నది నకిలీ. నా కొట్టులో తాళాలు కొన్నవాళ్లందరి ఇళ్లూ నా కళ్లముందు గిర్రున తిరిగాయి.

కానీ ఒక వింత జరిగింది. ఆ సాయంత్రం టీ తాగుతూ నేను ఈ సంగతి చెబితే ఆవిడ పుస్తకం మూసి విన్నది. "అయితే ఓటు లేదన్నమాట. మరి ఆ ముసలి బిషప్పు కన్నీళ్లు పెట్టుకున్నాడు కదండీ, అది?" అని అడిగింది. "అది రేపు కనుక్కొస్తా," అన్నాను. అలా రోజుకొకటి. కొట్టు మూశాక గ్రంథాలయం, గ్రంథాలయం మూశాక ఫాదర్ గారు, ఆయన వివరణలు మూశాక ఇల్లు. గీకిన తోలు కాగితం మీద మళ్లీ రాసేవాళ్లట, పచ్చ. విషం పూసిన జపమాలతో తిరిగే హంతక సన్యాసుల దండు, ఎర్ర. చక్రవర్తి చావుపడక మీద బాప్తిస్మం పుచ్చుకోవడం, ఆశ్చర్యం, పచ్చ.

ఈలోగా నా వల్ల ఒక పొరపాటు జరిగింది. పుస్తకం మా ఆవిడది కాదు, మండలిది. దానికో వరస ఉంది. నేను గ్రంథాలయంలో ఉండగా వదిన ఇంటికొచ్చి, గడువు దాటిందని మొదటి భాగం తీసుకెళ్లి తర్వాతి సభ్యురాలికి ఇచ్చేసింది, నా చుక్కలతో సహా.

నాలుగో రోజు కొట్టు తెరిచేసరికి మెట్ల మీద ఐదుగురు ఆడవాళ్లున్నారు. ఒక్కరి చేతిలోనూ పాడైన తాళం లేదు. అందరి చేతుల్లోనూ తలా ఒక మండలి నవల ఉంది, అన్నీ ఇలాంటివే.

"చుక్కలు పెట్టేది మీరేగా? ఈ సమాధి కింద సొరంగం నిజమేనా?"

"ముందు నాది చూడండి. శిష్యుడి వంశం ఇంకా ఉందంటున్నాడు. మా ఆయన పేరు కూడా ఆ అక్షరంతోనే మొదలవుతుంది."

"ఈ సన్యాసిని విషం తాగిందా, తాగించారా? నిన్నట్నుంచి ముద్ద దిగడం లేదు."

వెనకాల ఒక వడ్రంగి తలుపు బందుల కోసం నిలబడ్డాడు. "అయ్యా, నాకు నాలుగంగుళాలవి..." అంటుంటే, ఒక పెద్దావిడ వెనక్కి తిరిగి, "ఉండు నాయనా, ముందు పోపుగారి సంగతి తేలనీ," అంది.

అరగంట నిలబడ్డాక ఆ వడ్రంగి కూడా మెడ ముందుకు చాచాడు. "ఆ సొరంగం తలుపు లోపలికి తెరుచుకుంటుందా, బయటికా? దాన్నిబట్టి చెప్పొచ్చు, అది నిజమో కాదో."

వారం తిరిగేసరికి బేరాలకన్నా సందేహాలెక్కువయ్యాయి. ఫాదర్ గారు వచ్చి, "తాళాల మధ్య వేదాంతం ఏమిటండీ?" అని కోప్పడి, కోపానికి రెండు వివరణలిచ్చి, పోతూపోతూ ఒక గొళ్లెం కొనుక్కెళ్లారు. ఆఖరికి వదిన వచ్చింది. పుస్తకం బల్ల మీద పెట్టింది.

"మరిదిగారూ, మీ చుక్కలతో నా మండలి రెండు పార్టీలైంది. పచ్చవాళ్లూ ఎర్రవాళ్లూ ఒక బెంచీ మీద కూర్చోవడం లేదు. రెండు వారాలు టైమిస్తున్నా. పుస్తకం పూర్తిచెయ్యండి. ఆపై ఆదివారం హాల్లో నిలబడి తేల్చండి, ఏది నిజం, ఏది కల్పన. హాజరు తప్పనిసరి."

భయపడాల్సింది పోయి సంతోషించాను. నిండు సభలో, మా ఆవిడ ఎదుట, నవల నకిలీ అని రుజువు చేసే అవకాశం! ఇంతకన్నా పెద్ద బేరం ఉంటుందా?

అదిగో, అప్పుడే ఆ అధ్యాయం తగిలింది.

సముద్రం ఒడ్డున ఒక పట్నం. అక్కడ ఒక ఆడమనిషి గ్రంథాలకు నకళ్లు రాస్తుంది. ఎడమచేతి వాటం. భర్త ఓడ నడిపేవాడు. వెళ్లాడు, రాలేదు. బతికున్నాడో లేదో కబురు లేదు. ఆవిడ ఏ గ్రంథం రాసినా మధ్యలో ఎక్కడో ఒక గీత ఖాళీగా వదిలేస్తుంది. నకళ్లు ఊళ్లకు పోతాయి. ఏదో ఒక రేవులో, ఎప్పుడో ఒకనాడు, అతను ఏ గ్రంథమో తెరిస్తే ఆ ఖాళీ గీత చూసి ఇది తన భార్య చేతిరాత అని పోల్చుకుంటాడని ఆవిడ ఆశ.

అంతే. హంతకులు లేరు, సొరంగాలు లేవు. ఆ పేజీ దగ్గర నా వేలి మీద స్టిక్కర్ ఎండిపోయింది.

"అంతసేపు ఒక్క పేజీయేనా?" అంది మా ఆవిడ.

"ఇది నిజమేనంటావా?"

"మీరు కదా తేల్చేది?"

"నువ్వేమంటావని అడుగుతున్నా."

ఆవిడ కిటికీ వైపు తిరిగింది. "నాకైతే నిజమవ్వాలని ఉంది," అంది. ఆ మాట ఎటో దూరంగా ఉన్న మనిషికి చెప్పినట్టు అంది.

మర్నాడు కొట్టు తెరవకుండానే ఫాదర్ గారి తలుపు తట్టాను. ఆయన ఈసారి నవ్వలేదు.

"ఒక పాత చరిత్రలో ఒక వాక్యం ఉంది. ఒక పండితుడి దగ్గర అందంగా రాయడం నేర్చిన అమ్మాయిలు నకళ్లు రాసేవాళ్లని. కాబట్టి అలాంటివాళ్లు ఉన్నారు."

"అయితే ఈవిడ ఉన్నట్టే!"

"అలాంటివాళ్లున్నారన్నాను. ఈవిడ ఉందనలేదు."

"ఆ అమ్మాయిల పేర్లు?"

"ఎవరూ రాయలేదు."

"ఎందుకు రాయలేదు?"

ఆయన దగ్గర దానికి వివరణ లేదు. నేను ఆయన్ని ఎరిగాక అదే మొదటిసారి.

ఆ రెండు వారాలూ ఆ పేజీకి ఏ చుక్కా పెట్టలేకపోయాను. కొట్టులో తాళం తిప్పుతుంటే కళ్లముందు ఆ ఎడమచేతి ఆవిడే. నకలు తాళంచెవి కోస్తుంటే ఆవిడే. రోజూ సాయంత్రం ఇంటికి రాగానే మా ఆవిణ్ణి అడిగేవాణ్ణి. "రెండో భాగంలో ఆవిడ వస్తుందా? తర్వాత ఏమైంది?" ఆవిడ "చెప్పను" అనేది. నాకు నా కొట్టు కబుర్లు గుర్తే రాలేదు. ఇప్పుడు చెబితే మీకు నవ్వొస్తుంది గానీ, ఆ గంట నాకు తిరిగొచ్చేసిందని కూడా నేను గమనించలేదు.

ఆదివారం వచ్చింది. హాలు నిండింది. వదిన హాజరు వేసింది. ఫాదర్ గారు ముందు వరసలో. మా ఆవిడ మూడో వరసలో, ఒడిలో సంచి పెట్టుకుని.

నేను కాగితం తీసి మొదలుపెట్టాను. ఉంగరం తాళంచెవి నిజం. నైసియాలో ఓటు అబద్ధం. తోలు కాగితం నిజం. సన్యాసుల దండు అబద్ధం. పచ్చవాళ్లు చప్పట్లు కొడితే ఎర్రవాళ్లు మూతి ముడిచారు, ఎర్రవాళ్లు కొడితే పచ్చవాళ్లు. నేను మాత్రం న్యాయమూర్తిలా నిలబడ్డాను. అంతా సవ్యంగా జరిగిపోయేది, వదిన చెయ్యెత్తకపోతే.

"ఆ ఎడమచేతి ఆవిడ సంగతేమిటి, మరిదిగారూ? ఆ పేజీకి చుక్కే లేదు?"

కాగితంలో దాని గురించి ఏమీ రాసుకోలేదు. "ఉంది," అన్నాను.

"ఎవరు?"

"ఆవిడ. ఉంది. పచ్చచుక్క."

"సాక్ష్యం?"

"పేర్లు రాయని అమ్మాయిలున్నారని ఫాదర్ గారే అన్నారు. వాళ్లలో ఒక్కరికైనా ఎడమచేతి వాటం ఉండకూడదని ఎక్కడుంది?"

"సరే. ఆ భర్త?"

"ఉన్నాడు."

"ఖాళీ గీత?"

"అదీ ఉంది!" బల్ల మీద గుద్దాను. నీళ్ల గ్లాసు ఫాదర్ గారి ఒళ్లో పడింది. "పేరు రాయనంత మాత్రాన మనిషి లేనట్టా? ఆవిడ రోజూ అక్కడ కూర్చుని రాస్తుంటే, లేదని చెప్పడానికి మనమెవరం?"

అప్పుడు మూడో వరసలో మా ఆవిడ లేచింది. సంచిలోంచి రెండో భాగం తీసింది. చిట్టచివరి పేజీలు తెరిచి, ఊరిపేర్లు చదివే గొంతుతో చదివింది.

"రచయిత మాట. ఈ నవలలో ఏది చరిత్రో, ఏది కల్పనో పాఠకులకు చెప్పడం నా బాధ్యత. ఉంగరపు తాళంచెవులు వాస్తవం. నైసియాలో గ్రంథాల మీద ఓటు జరగలేదు, కథకోసం నేను జరిపించాను. హంతక సన్యాసులు నా సృష్టి..."

ఒక్కొక్కటే వస్తోంది. నా ఏడు వారాల తిరుగుడంతా పేజీన్నరలో అచ్చై ఉంది.

"...ఎడమచేతి లేఖకురాలు కూడా పూర్తిగా కల్పితం. అలాంటి స్త్రీలు ఉండేవారు. వారి పేర్లు మనకు దక్కలేదు గనుక, నేను ఒకరిని ఊహించుకున్నాను."

ముందు వదిన నవ్వింది. తర్వాత పచ్చవాళ్లూ ఎర్రవాళ్లూ కలిసి నవ్వారు. అందరూ ఆ చివరి పేజీలు ముందే చదివేసినవాళ్లేనట! రెండో భాగం ముందే ఒక చుట్టు తిరిగిందట. కొట్టు మెట్ల మీద నిలబడి ముద్ద దిగడం లేదన్నావిడ అందరికన్నా గట్టిగా నవ్వింది. తడిసిన బట్టలతో ఫాదర్ గారు నవ్విన నవ్వుకు వివరణే అవసరం లేకపోయింది.

ఇంటిదాకా నేను మాట్లాడలేదు. మీరు నమ్మరు, కానీ మాట్లాడలేదు. చెప్పులు విడిచాక అడిగాను.

"నీకు ముందే తెలుసా?"

"నేను ముందు చదివిందే ఆ చివరి పేజీలు. ఏ ఉత్తరం ఏ ఊరిదో చూడకుండా సంచిలో వేసే అలవాటు నాకు లేదు."

"మరి నన్నెందుకు ఊరంతా తిప్పావ్?"

"నేను తిప్పానా? మీరే తిరిగారు."

"ఒక్క మాట చెబితే సరిపోయేది కదే!"

"చెబితే మర్నాడు ఏం అడిగేవారు?" అంది ఆవిడ. టీ నీళ్లు పొయ్యి మీద పెట్టింది. "ఈ రెండు వారాలూ ఇంటికొచ్చి రోజూ ఒక మాట అడిగారు. గుర్తుందా?"

"ఏం మాట?"

"తర్వాత ఏమైంది అని. ముప్ఫై ఒక్క ఏళ్లలో నన్ను ఆ మాట అడగడం ఇదే మొదలు. నేనూ ఉద్యోగం చేశానండీ. రోజూ మీకన్నా ఎక్కువ కబుర్లు నా చేతుల్లోంచి పోయేవి. ఇవాళ ఏమొచ్చింది అని ఒక్కనాడు అడిగారా?"

"నువ్వే చెప్పొచ్చుగా?"

"మీరు ఊపిరి తీసుకుంటే కదా."

నేను కుర్చీలో కూర్చున్నాను. నాకు పోయింది కొన్ని వారాల గంటలు. వాటికోసం గోల గోల చేశాను. ఆవిడకు పోయినవి ముప్ఫై ఒక్క ఏళ్లవి. ఎవరికీ చెప్పలేదు. ఎంతకీ ఈ లెక్క నావైపు మొగ్గలేదు.

"సరే," అన్నాను. "ఇప్పుడు అడుగుతున్నా. ఏమొచ్చేవి?"

"ఇప్పుడా?"

"ఇప్పుడే."

ఆవిడ పొయ్యి వైపే చూస్తూ చెప్పింది. నెలకోసారి ఒక కవరు వచ్చేదట. మీద ఒక మగమనిషి పేరు, కింద 'ఓడలో' అని మాత్రమే. ఏ ఓడో లేదు, ఏ రేవో లేదు. పంపినవాళ్ల చిరునామా కూడా లేదు. చేతిరాత మాత్రం ఆడమనిషిది. చిరునామా లేనివాటికోసం ఒక గూడు ఉంటుందట, అందులో వేసేదట. పదకొండేళ్లు.

"ఒక నెల రాలేదు. తర్వాతి నెల కూడా రాలేదు. ఆ రోజు మీకు చెబుదామనుకుని వచ్చాను."

"మరి?"

"ఆ రోజు మీ కొట్టుకి కొత్తరకం గడియలొచ్చాయి."

టీ పొంగింది. ఇద్దరం దాన్ని చూస్తూ ఉండిపోయాం. పొయ్యి ఆర్పాలని ఎవరికీ తోచలేదు.

"తర్వాత ఏమైంది?" అన్నాను.

"అదే తెలియదు," అంది. "అందుకే నవలలు చదువుతున్నా."

ఆ రాత్రి నుంచీ రెండో భాగం రోజుకో అధ్యాయం. ఆవిడ చదువుతుంది, నేను వింటాను. "ఇది నిజంగా జరిగిందా?" అన్నానంటే ఆ రోజుకి పుస్తకం మూసేస్తుంది. అందుకని అనడం మానేశాను. మా ఆవిడకు ముందే తెలుసు, ఓడ నడిపే ఆ భర్త తిరిగొస్తాడో రాడో. ఎంత బతిమాలినా చెప్పదు. ఎడమచేతి ఆవిడ ఇప్పుడు రేవుకు వెళ్లింది. ఒక ఓడ వచ్చింది. సరిగ్గా అక్కడ మా ఆవిడ చదవడం ఆపేసింది.

నిన్న ఏడింటికే కొట్టు తలుపులు దగ్గరకు లాగుతుంటే ఒకాయన పరుగున వచ్చాడు.

"అయ్యయ్యో, అప్పుడేనా? వీధి తలుపు తాళం పాడైందండీ. పడటం లేదు."

"రేపు రండి."

"రేపా? మరి రాత్రికి?"

"తెరిచే ఉంచండి," అన్నాను. "ఒక్క రాత్రికి ఏం కాదు. ఎవరైనా వస్తారేమో."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. నేను అప్పటికే సగం వీధి దాటాను.